జ్వరమొస్తే నడుము ఎందుకు చూడాలి?

2025 డిసెంబరు మొదట్లో, తిరుపతిలో మేముండే అపార్ట్‌మెంటు వాట్సాప్ గ్రూపులోకి ఒక సందేశం వచ్చింది. స్క్రబ్ టైఫస్ అనే కొత్త పురుగు వచ్చిందనీ, అది కుడితే మనిషి బతకడనీ, కిటికీలకు దోమతెరలు బిగించుకోవాలనీ దాని సారాంశం. రాష్ట్రంలో ఎక్కువ కేసులు చిత్తూరు జిల్లాలోనే వస్తున్నాయని పత్రికలు రాస్తున్న రోజులు కాబట్టి ఎవరూ దాన్ని కొట్టిపారేయలేదు. సంఘం కార్యదర్శి మందు కొట్టే మనిషిని పిలిపించి మెట్లకూ, లిఫ్టు చుట్టూ కొట్టించారు. వెనక ఖాళీ స్థలంలో మోకాలెత్తు పెరిగిన గడ్డిని రోజూ సాయంత్రం కోసుకుపోయే వాచ్‌మన్ భార్యకు మాత్రం ఎవరూ ఒక్క మాట కూడా చెప్పలేదు.

నేను డిగ్రీ కళాశాలలో జంతుశాస్త్రం చెబుతాను కాబట్టి ఆ సందేశంలోని తప్పులు ఎంచడం నాకు కష్టం కాదు. స్క్రబ్ టైఫస్ అన్నది పురుగు పేరు కాదు, జబ్బు పేరు. కొత్తది అసలే కాదు. దాన్ని మోసేది, పైర్ల మీద రైతులు రోజూ చూసే ఎర్రనల్లికి దూరపు చుట్టమైన ఒక నల్లి. అదీ పెరిగిన నల్లి కాదు, మిల్లీమీటరులో ఐదో వంతు మాత్రం ఉండే దాని పిల్ల. (పెద్ద నల్లికి ఎనిమిది కాళ్ళు, ఈ పిల్లకు ఆరే. పరీక్షలో అడిగితే సగం తరగతి తప్పు రాస్తుంది.) ఎలుకల కోసం గడ్డిలో పొంచి ఉండే ఈ పిల్ల మనిషి తగిలితే మనిషినే పట్టుకుంటుంది, నొప్పి తెలియకుండా రెండు మూడు రోజులు ఉండి రాలిపోతుంది. పోతూ పోతూ ఓరియెన్షియా సుట్సుగముషి అనే బ్యాక్టీరియాను ఒంట్లో వదిలిపెడుతుంది. ఆ బ్యాక్టీరియా తల్లి నల్లి నుంచి గుడ్ల ద్వారానే పిల్లలకు చేరుతూ గడ్డిలోనే నిలిచి ఉంటుంది గనుక మెట్ల మీద కొట్టిన మందు దాన్ని ఏమీ చేయలేదు.

ఇదంతా గ్రూపులో రాసి నాలుగు బొటనవేళ్ళు సంపాదించుకోవచ్చు. కానీ ఇంత తెలిసిన నేనే, రెండేళ్ళ క్రితం మా ఇంటి మనిషికి ఈ జబ్బు వస్తే గుర్తుపట్టలేకపోయాను. అందుకని గ్రూపులో రాయకుండా ఇక్కడ రాస్తున్నాను.

నాడా ఒరుసుకున్న పుండు

మా చిన్నమ్మది పెనుమూరు వైపు పల్లె. రెండు సీమావులు, కొంచెం పశుగ్రాసం, మిగిలినదంతా మామిడి తోట. మనకు అసలు వానలు ఐప్పసిలోనే (అక్టోబరు, నవంబరు) కాబట్టి కార్తీకం వచ్చేసరికి తోటలో చెట్ల కిందా, గెనిమల (గట్ల) మీదా గడ్డి మెండుగా ఉంటుంది. 2023 కార్తీకంలో ఆమె రోజూ లాగే మధ్యాహ్నం కొడవలి పట్టుకుని పోయి, గెనిమ మీద కూర్చుని గడ్డి కోసి, మోపు నెత్తిన పెట్టుకుని వచ్చేది. ఒకరోజు సాయంత్రం చలిజ్వరం వచ్చింది. ఊళ్ళో ఆర్‌ఎంపీ ఒక సూది వేసి, మాత్రలిచ్చి, మూడో రోజు గ్లూకోజు ఎక్కించాడు. నాలుగో రోజు టౌనుకు తీసుకుపోతే అక్కడ రక్తం తీసి వైడాల్ పాజిటివ్ అన్నారు, టైఫాయిడ్ అన్నారు, రోజుకు రెండు పూటలా సెఫ్ట్రియాక్సోన్ నరానికి ఇవ్వాలన్నారు. మా తమ్ముడు నాకు ఫోను చేసి చెప్పినప్పుడు, "టైఫాయిడే కదరా, కోర్సు మధ్యలో ఆపనీయొద్దు" అని సలహా ఇచ్చింది నేనే.

తొమ్మిదో రోజుకు ఆయాసం మొదలైంది. మా వైపు మాట పడిపోయే స్థితి వస్తే ఇంకెవరినీ అడగరు. బండి నేరుగా వేలూరు పోతుంది. నేను తిరుపతి నుంచి వెళ్ళేసరికి ఆమెకు ఆక్సిజన్ పెట్టి ఉంది. పాతికేళ్ళైనా దాటాయో లేదో అనిపించే ఒక డాక్టరమ్మ, సగం తమిళంలో సగం తెలుగులో, రిపోర్టుల ఫైలు పక్కన పెట్టి మూడే ప్రశ్నలు అడిగింది: ఏం పని చేస్తుంది, తోటలో గడ్డి ఉందా, జ్వరం వచ్చి ఎన్నాళ్ళైంది. తర్వాత మమ్మల్ని బయటికి పొమ్మని, నర్సును తెర లాగమని, ఫోను టార్చి వేసి చూసింది. చంకలు, రొమ్ముల కింద, గజ్జలు, చివరికి నడుము. లంగా నాడా కట్టుకునే చోట, వెనక్కి, కందిగింజంత నల్లటి పొక్కు. చుట్టూ ఎర్రటి అంచు, సిగరెట్టుతో చురక పెట్టినట్టు. నల్లి పిల్ల కుట్టిన చోట పడే ఆ మచ్చను ఎస్కార్ అంటారు. పాఠం చెప్పేటప్పుడు నేను బోర్డు మీద బొమ్మ వేసేది దాన్నే.

చిన్నమ్మకు అది ముందే తెలుసు. కోలుకున్నాక అడిగితే, "నాడా ఒరుసుకోని పుండు పడిందనుకున్నా నాయనా, పసుపు పెట్టుకుంటా ఉండా. జరానికీ దానికీ ఏం సమ్మందమని చెప్తాను?" అంది.

రక్త పరీక్ష ఫలితం రాకముందే డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ మొదలుపెట్టారు. మూడో రోజుకు జ్వరం దిగింది, ఊపిరి తేరుకోవడానికి ఇంకో వారం పట్టింది. ఇంటికి వచ్చాక బిల్లు కోసం రెండు ఆవుల్లో ఒకదాన్ని అమ్మారు. మొదటి వారంలోనే ఇచ్చి ఉంటే, ఆ మాత్రల ఖర్చు మొత్తం వంద రూపాయలు కూడా కాదు.

అన్నాళ్ళ సూదులు ఎందుకు పనిచేయలేదన్నది కూడా చెప్పాలి. సెఫ్ట్రియాక్సోన్ లాంటి మందులు బ్యాక్టీరియా గోడను కట్టనీయకుండా చేసి చంపుతాయి. మన కణాల లోపల దూరి బతికే ఓరియెన్షియాకు అలాంటి గోడ నామమాత్రం, కాబట్టి ఆ మందు దాని పక్కనుంచి పోతుంది. ఇక వైడాల్ పరీక్ష 1896 నాటిది. ఎప్పుడో ఒకప్పుడు టైఫాయిడ్ క్రిములు సోకినవాళ్ళు ఎక్కువగా ఉండే మన ప్రాంతంలో, ఒక్కసారి చేసిన వైడాల్ పాజిటివ్ వచ్చినంత మాత్రాన ఇప్పటి జ్వరం టైఫాయిడ్ అని చెప్పలేం. పేర్లు కూడా మనల్ని ముంచాయి. టైఫాయిడ్ అంటేనే టైఫస్ లాంటిది అని అర్థం. ఒకప్పుడు వైద్యులే రెంటినీ కలగలిపేవారు. మేమూ అదే చేశాం.

33, 47, 48

ఆమె మంచం పక్కన కూర్చున్న రోజుల్లోనే, ఆ ఏడాది మార్చిలో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో అచ్చైన ఒక పరిశోధన చదివాను. మనకు ఇంత దగ్గర నుంచి ఒక జ్వరం గురించి అంత పెద్ద పత్రికకు వెళ్ళిన పని అరుదు. వేలూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీకి చెందిన జార్జ్ ఎం. వర్గీస్ నాయకత్వంలో, దేశంలోని 7 వైద్య కేంద్రాల్లో, స్క్రబ్ టైఫస్ తీవ్రమై ఊపిరితిత్తులో, కాలేయమో, మెదడో దెబ్బతిన్న 794 మందిని మూడు వర్గాలుగా చేశారు. ఒక వర్గానికి డాక్సీసైక్లిన్, ఒక వర్గానికి అజిత్రోమైసిన్, మూడో వర్గానికి రెండూ కలిపి, 7 రోజులు నరం ద్వారా ఇచ్చారు. రెండు మందులూ బ్యాక్టీరియా ప్రొటీన్లు తయారుచేసే యంత్రాన్నే ఆపుతాయి గానీ, ఒకటి చిన్న ముక్కను పట్టుకుంటుంది, ఇంకొకటి పెద్ద ముక్కను. రెండు చోట్లా పట్టుకుంటే తప్పించుకోదేమో అన్నది ఆలోచన.

28 రోజుల్లోగా మరణం, 7వ రోజుకూ తగ్గని అవయవాల దెబ్బ, 5వ రోజుకూ దిగని జ్వరం, ఈ మూడింట్లో ఏదో ఒకటి ఎంతమందిలో కనిపించిందని లెక్క చూస్తే, రెండు మందులూ పడినవాళ్ళలో 33 శాతం, డాక్సీసైక్లిన్ ఒక్కటే పడినవాళ్ళలో 47, అజిత్రోమైసిన్ ఒక్కటే పడినవాళ్ళలో 48. అంటే రెండూ పాతవీ, చవకైనవీ అయిన మందులను కలిపి ఇవ్వడం వల్ల ప్రతి వందమందిలో పధ్నాలుగు మంది దాకా ఆ ఇబ్బంది తప్పించుకున్నారు.

కాలేజీకి తిరిగి వచ్చాక తరగతిలో ఈ సంగతి చాలా ఉత్సాహంగా చెప్పాను. చెబుతూ, "ఇలా ఎన్నో ప్రాణాలు నిలిచాయి" అన్నాను. వెనక వరసలో కూర్చునే, మాట్లాడటం తక్కువైన ఒక అమ్మాయి చెయ్యెత్తి, "సార్, మూడూ కలిపి లెక్క వేశారు కదా, చనిపోయినవాళ్ళను ఒక్కటే లెక్క వేస్తే ఎంత?" అని అడిగింది. చూసి చెబుతానని ఇంటికొచ్చి మళ్ళీ తెరిచాను. 28 రోజుల మరణాల్లో మూడు వర్గాల మధ్య చెప్పుకోదగ్గ తేడా లేదు. ఆ వాక్యం నేను మొదటిసారి చదివినప్పుడూ అక్కడే ఉంది. నా కన్ను దాని మీద నిలవలేదు, అంతే. మర్నాడు తరగతిలో నా తప్పు ఒప్పుకున్నాను.

ఆ అమ్మాయి ప్రశ్న నన్ను ఇప్పటికీ వదలలేదు. ఆ పరిశోధనను తక్కువ చేయడానికి చెప్పడం లేదు. తీవ్రమైన రోగిని ముందు పెట్టుకున్న వైద్యుడికి అది ఇచ్చిన జవాబు స్పష్టమైనది, అటువంటి జవాబు అంతకుముందు లేదు. 1948లో కౌలాలంపూర్‌లో జోసెఫ్ స్మాడెల్ బృందం క్లోరాంఫెనికాల్‌తో ఈ జ్వరం దిగుతుందని చూపించాక, ఏ మందు మేలన్న ప్రశ్నను ఇంత పెద్ద ఎత్తున అడగడానికి ఏడు దశాబ్దాలు పట్టింది. గడ్డి కోసేవాళ్ళకు వచ్చే జబ్బు కాకపోయి ఉంటే ఇన్నాళ్ళు పట్టేది కాదని నా అనుమానం. కానీ ఊపిరితిత్తులు దెబ్బతిని ఆసుపత్రి చేరిన మనిషి విషయంలో రెండో మందు కలిపినా మరణాల లెక్క మారలేదంటే, ఆ లెక్క మారాల్సిన చోటు ఆసుపత్రి కాదేమో. జ్వరం మొదలైన మొదటి వారంలో, ఆర్‌ఎంపీ బల్ల దగ్గరో, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనో అది తేలిపోతుందేమో. ఆ పరిశోధన ఈ మాట చెప్పలేదు, అది చూసింది తీవ్రమైన రోగులనే. నేను అనుకుంటున్నాను.

అలా అనుకోవడానికి బలమిచ్చినది 2025లో అదే పత్రికలో వచ్చిన మరో పని. వేలూరు వైద్యులూ, లండన్ స్కూల్ ఆఫ్ హైజీన్ అండ్ ట్రాపికల్ మెడిసిన్ వాళ్ళూ కలిసి, ఉత్తర తమిళనాడులోని 37 పల్లెల్లో 32,000 మందికి పైగా జనాన్ని రెండేళ్ళ పాటు వెంబడించారు. ఆసుపత్రికి వచ్చినవాళ్ళను లెక్కపెట్టడం కాదు, ఇల్లిల్లూ తిరిగి ఎవరికి జ్వరం వచ్చిందో అడగడం. జ్వరంతో ఆసుపత్రిలో చేరినవాళ్ళలో దాదాపు 30 శాతం మందికి కారణం స్క్రబ్ టైఫస్ అని తేలింది. చిత్తూరు నుంచి వేలూరు పోయే బస్సులో కూర్చుంటే సరిహద్దు ఎక్కడ దాటామో బోర్డుల మీది అక్షరాలు మారినప్పుడే తెలుస్తుంది. చెరుకూ మామిడీ గెనిమలూ అవే. ఆ లెక్క మన మండలాల్లో అచ్చం అంతే ఉంటుందని అనను. కానీ కార్తీకంలో మన ఆసుపత్రుల్లో టైఫాయిడ్ పేరుతో పడుకున్నవాళ్ళలో చిన్నమ్మలు ఎంతమందో అన్న ప్రశ్న మాత్రం ఇక తప్పదు.

నేను ఏ పక్షం

ఇక్కడ నా ఇబ్బంది మొదలవుతుంది. పదిహేనేళ్ళుగా నేను పిల్లలకు చెబుతున్నది యాంటీబయాటిక్కులను తక్కువ వాడమనే. జలుబుకు అజిత్రోమైసిన్ కొనుక్కునేవాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. పరీక్ష లేకుండా మందు వద్దన్నది నా పాత పాట. ఇప్పుడేమో, వానల తర్వాతి నెలల్లో, ఐదు రోజులు దాటినా వేరే కారణం తేలని జ్వరంతో గడ్డిలో పనిచేసే మనిషి వస్తే, పరీక్ష ఫలితం కోసం ఆగకుండా డాక్టరు డాక్సీసైక్లిన్ మొదలుపెట్టాలని వాదిస్తున్నాను. రెండూ ఒకే నోటితో ఎలా అనగలను?

చాలా రోజులు అనలేకపోయాను. నన్ను మార్చింది చిన్నమ్మ ఫైలే. దాన్ని ఒక రాత్రి మొదటి కాగితం నుంచి చదివాను. మొదటి రోజు సూదిలో ఏముందో రాయలేదు. రెండో రోజు నుంచి అమాక్సిసిలిన్. నాలుగో రోజు నుంచి సెఫ్ట్రియాక్సోన్. అంటే తొమ్మిది రోజుల్లో ఆమె ఒంట్లోకి యాంటీబయాటిక్ పడని రోజు ఒక్కటీ ఉందని చెప్పలేను. మందు ఇవ్వాలా, పరీక్ష కోసం ఆగాలా అన్న ఎంపిక నా పాఠంలో ఉంది గానీ పెనుమూరులో లేదు. అక్కడ మందు ఎలాగూ పడుతోంది. పనికిరానిది, ఖరీదైనది, మిగతా క్రిములను మొండికేయించేది పడుతోంది. దాని బదులు పనికొచ్చేది, ఇరుకైన లెక్కతో, ఏడు రోజులు ఇమ్మనడం యాంటీబయాటిక్ వాడకాన్ని పెంచడం కాదని నాకప్పుడు అర్థమైంది.

ఇది నా సొంత తెలివీ కాదు. భారత వైద్య పరిశోధన మండలి 2015 మార్గదర్శకాలే అనుమానం కలిగితే ఫలితం కోసం ఆగొద్దంటున్నాయి. ఎందుకంటే ఎక్కువచోట్ల చేసే ఐజీఎమ్ ఎలీసా పరీక్ష, ఒళ్ళు ప్రతిరక్షకాలు తయారుచేశాకే పాజిటివ్ అవుతుంది. దానికి దాదాపు వారం పడుతుంది. మందు బాగా పనిచేసే రోజుల్లో పరీక్ష నోరు మెదపదు. అది మాట్లాడేసరికి ఆయాసం మొదలై ఉండొచ్చు.

గోరఖ్‌పూర్ సంగతి కూడా మరిచిపోలేను. అక్కడ ఏటా వానాకాలంలో పిల్లలు మెదడువాపుతో చనిపోతుంటే ఏళ్ళ తరబడి అందరి దృష్టీ జపనీస్ ఎన్‌కెఫలైటిస్ మీదే ఉండింది. గత దశాబ్దం మధ్యలో పరిశోధకులు ఆ పిల్లల రక్తంలో స్క్రబ్ టైఫస్ కోసం వెతికితే, పరీక్షించినవాళ్ళలో సగానికి పైగా దాని జాడలు దొరికాయి. డబ్బూ, వైద్యులూ, పత్రికల కేకలూ అన్నీ ఉన్నచోట కూడా, వెతకనిది దొరకలేదు.

నా మిత్రుడి అభ్యంతరాలు

ఈ వాదనంతా ముందు ఒక మిత్రుడికి వినిపించాను. ఆయన మా జిల్లాలోనే ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో డాక్టరు, నాకంటే జ్వరాలు వెయ్యి రెట్లు చూసినవాడు. ఆయన నవ్వి, "నువ్వు ఒక్క చిన్నమ్మను చూశావు, నేను రోజుకు అరవై మందిని చూడాల" అని మొదలుపెట్టాడు.

డెంగీ కాలమూ ఇదే, మలేరియా కాలమూ ఇదే. డాక్సీసైక్లిన్ చేతిలో పెడితే రోగి ధైర్యపడి ఇంటికి పోతాడు, అతనిది డెంగీ అయితే ప్లేట్‌లెట్లు పడిపోయేదాకా మళ్ళీ రాడు. అందరికీ ముందే మందు పడితే ఎవరికి ఏ జబ్బో లెక్క తేలదు, లెక్క తేలకపోతే ఆ 37 పల్లెల లాంటి పని మన జిల్లాలో ఎన్నటికీ జరగదు. గర్భిణులకు అది ఇవ్వకూడదు, అజిత్రోమైసిన్ ఇవ్వాలి. ఆ తేడా మెడికల్ షాపు కుర్రాడికి తెలియదు. 1996లోనే ఉత్తర థాయిలాండ్ నుంచి ఈ క్రిమి డాక్సీసైక్లిన్‌కు సరిగా లొంగడం లేదన్న వార్త వచ్చింది కదా, మన చేతులతో మనమే ఆ పని చేసుకోవాలా?

చివరిదానికి నా దగ్గర కొంత జవాబుంది. ఆ థాయిలాండ్ సంగతి నిజంగా మందును తట్టుకునే క్రిమి వల్లేనా అని తర్వాతి పరిశోధకులు గట్టిగానే సందేహించారు. పైగా మనిషి ఈ క్రిమికి దారి తప్పిన అతిథి. నల్లి నుంచి మనిషికి వస్తుంది గానీ మనిషి నుంచి తిరిగి వ్యాపించదు కాబట్టి, మన ఒంట్లో అది మొండికేయడం నేర్చినా ఆ విద్య అక్కడితోనే పోయే అవకాశం ఎక్కువ. ఒంట్లోని మిగతా బ్యాక్టీరియా మాట వేరు, దానికి నేనేమీ అనలేను. మెడికల్ షాపు సంగతిలో ఆయనతో పూర్తిగా ఏకీభవిస్తాను. నేను అడుగుతున్నది డాక్టరు చేత్తో ఇచ్చే మందును, కౌంటరు మీద కొనుక్కునేదాన్ని కాదు. డెంగీ అభ్యంతరానికి మాత్రం నా దగ్గర జవాబు లేదు. మాత్రతో పాటు "రెండు రోజుల్లో మళ్ళీ రా" అన్న మాట గట్టిగా చెప్పాలి, చెప్పినా వచ్చేవాళ్ళెందరో ఆయనకు తెలుసు.

అయితే మాటల మధ్యలో ఒక విషయం దగ్గర ఇద్దరం ఆగిపోయాం. ఇంత వాదనా మందు గురించీ, పరీక్ష గురించీ జరుగుతుంటే, ఆ నల్లటి పొక్కు వెతకడానికి పైసా ఖర్చు లేదు. అది అందరిలో ఉండదు, నల్లటి ఒంటి మీద తేలిగ్గా కనిపించదు, లేనంత మాత్రాన జబ్బు లేదనడానికి వీల్లేదు. కానీ కనిపిస్తే మాత్రం ఎలీసా కంటే ముందే, దాదాపు అంతే నమ్మకంగా చెబుతుంది. "మరి నువ్వు వెతుకుతావా?" అని అడిగాను. ఆయన కొంచెంసేపు మాట్లాడలేదు. "మొగోళ్ళయితే చొక్కా ఎత్తి చూస్తా" అన్నాడు.

ఈ జనవరిలో ఆయన జ్వరాల రిజిస్టరులో స్కేలుతో గీత గీసి ఒక కొత్త గడి చేర్చాడు: "మచ్చ చూశారా". నెలాఖరున నేను వెళ్ళినప్పుడు ఆ పుస్తకం నా ముందు పెట్టాడు. మగవాళ్ళ వరసల్లో చాలావరకు టిక్కులున్నాయి. నలభై దాటిన ఆడవాళ్ళ వరసల్లో గడి ఖాళీగా ఉంది, ఒకచోట "వద్దన్నారు" అని రాసి ఉంది. అక్కడే ఉన్న ఏఎన్‌ఎంను అడిగితే, "చూస్తామంటే, జరానికి కోక ఎందుకు ఇప్పమంటావని తిడతా ఉండారు సార్. చూసేదానికి రూమేదీ? తెర కూడా లేదు" అంది.

ఫిబ్రవరిలో ఆయన ఫోను చేశాడు. తెర కోసం పెట్టిన అర్జీ పైకి పోయిందట, ఇంకా రాలేదట. ఈలోపు ఆశా కార్యకర్తలకు ఆ మచ్చ ఫోటో ఇచ్చి, ఇళ్ళ దగ్గరే, స్నానాల గది తలుపు వేసుకుని చూసి రమ్మన్నాడట. మొదటి చీటీలో ఒకామె రాసి పంపిందట: నడుము, ఎడమ పక్క, నాడా కింద, పసుపు పెట్టి ఉంది.